వదిన తిరగేసిన కోటు

మా వదిన విదేశం వెళ్లి చదువుకోబోతోందన్న సంగతి ఆమెకంటే ముందు నాకు తెలిసింది. కాలేజీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆమె ఒక లావుపాటి పెద్దమనిషి నడుము కొలుస్తోంది. నోట్లో నాలుగు గుండుసూదులు, మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ఫోన్ నేనెత్తాను. అవతలివాళ్లు చెప్పింది విని, పెట్టేసి, ఉన్న ఒక్క సీటూ నీకే ఇచ్చారట వదినా అన్నాను. నోట్లో సూదులున్నాయి కాబట్టి ఆమె అరవలేదు. కళ్లు మాత్రం ఇంతింత చేసుకుని అలాగే నిలబడిపోయింది. ఆ క్షణంలో నడుము కొలత ఎంతని రాసుకుందో దేవుడికే తెలియాలి, ఆ పెద్దమనిషి ప్యాంటు తర్వాత రెండుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది.

నేను ఆమెకి ఆడపడుచుని. వదినని మెచ్చుకోవడం ఏ ఆడపడుచు జాతకంలోనూ రాసుండదు. అందుకని ముందే చెబుతున్నాను, ఇందులో ఎక్కడైనా మెచ్చుకోలు కనిపిస్తే అది నోరు జారి వచ్చిందనుకోండి.

మాది కొత్త బట్టలు కుట్టే కొట్టు కాదు. ఉన్న బట్టల్ని సరిచేసే కొట్టు. బిగుతైనవి వదులు చేస్తాం, పొడుగైనవి కురచ చేస్తాం, పాడైన జిప్పులు మారుస్తాం. మా అమ్మ పెట్టిన కొట్టది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, మనిషెత్తు అద్దం, బట్టలు మార్చుకోవడానికి తెర కట్టిన ఒక మూల. అన్నయ్య బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఇంటికొచ్చాక కూడా గడియారం చూడకుండా మంచినీళ్లు తాగడు. వదిన ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకి పంతొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఆ ఏడు పరీక్షలు రాయలేదు. ఎందుకు రాయలేదంటే మా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు. ఆమె మాత్రం ఏ కారణమూ చెప్పదు.

అమ్మే ఆమెకి పని నేర్పింది. కత్తెర పట్టుకోవడం కంటే ముందు నేర్పింది ఒక్కటే: చేతికి ఏ బట్ట వచ్చినా మొదట తిరగేసి లోపలివైపు చూడాలి. పైన ఎంత సింగారమైనా ఉండనీ, మనకి కావలసిన సమాచారమంతా లోపలే ఉంటుంది. ఎంత గుడ్డ వదిలారు, ఎన్నిసార్లు విప్పారు, ఎవరి చెయ్యి బాగుంది, ఎవరు పని ఎగ్గొట్టారు, అన్నీ. తిరగేయకుండా బట్ట మిషన్ మీద పెడితే అమ్మ స్కేలుతో చేతి మీద ఒక్కటిచ్చేది. నేనూ తిన్నాను, వదినా తింది. అమ్మ పోయి తొమ్మిదేళ్లయినా మా ఇద్దరి చేతులకీ ఆ భయం పోలేదు. కొత్త చీర కొన్నా, ఎవరైనా చంటిపిల్లకి పెట్టడానికి గౌను తెచ్చి చూపించినా, మా చేతులు మమ్మల్ని అడక్కుండానే దాన్ని తిరగేస్తాయి.

ముప్ఫై తొమ్మిదో ఏట వదిన సాయంత్రం కాలేజీలో చేరింది. కొట్టు కట్టేశాక వెళ్లడానికి వీలైన క్లాసులు చరిత్ర, కళలు మాత్రమే కాబట్టి అవే తీసుకుంది. ముందు వీలు కోసమే తీసుకుంది గానీ రెండు నెలలు తిరిగేసరికి పిచ్చి పట్టింది. మిషన్ పక్కన పుస్తకం, ఇస్త్రీ బల్ల మీద పుస్తకం. అది చదివితే ఉద్యోగం వస్తుందా అని అన్నయ్య అడిగాడు. ఉద్యోగం ఉంది కదండీ, ఇంకోటి ఎక్కడ చేసుకోను అంది. అన్నయ్య గడియారం చూసుకున్నాడు.

ఆ కాలేజీలో మూడో ఏడు కొంతమందిని నాలుగు నెలలు వేరే దేశంలోని విశ్వవిద్యాలయానికి పంపిస్తారు. అక్కడి మార్కులు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయి. కంప్యూటర్ల వాళ్లకి ఇరవై సీట్లు, లెక్కల వాళ్లకి పది, ఆర్ట్స్ వాళ్లకి ఒక్కటంటే ఒక్కటి. దానికోసం ఏదైనా ఒక విషయం మీద వ్యాసం రాయమన్నారు. వదిన మా కొట్లో కొలతల పుస్తకం గురించి రాసింది. ఒకే మనిషి నడుము కొలత పదిహేనేళ్లలో ఎలా పెరిగి, ఎలా తగ్గి, మళ్లీ ఎలా పెరిగిందో చూపించి, ఏ ఏడు ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో చెప్పింది. మిగతావాళ్లు యుద్ధాల గురించీ రాజుల గురించీ రాశారట. సీటు మా వదినకొచ్చింది. ఆ నడుము కొలతలు ఎవరివో నాకు తెలుసు, అన్నయ్యవి.

చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. డాక్టరు చదువుకి వెళ్తారు, ఇంజనీరు చదువుకి వెళ్తారు గానీ బొమ్మలు చూడ్డానికి దేశం దాటి వెళ్లడమేమిటన్నారు. కొట్టు ఏమవుతుందన్నారు. కొట్టుకి నేను లేనా అని నేను అందరి మీదా ఒకేసారి లేచాను. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల ఈర్ష్యగానే ఉంది. కానీ మా వదినని అనడానికి ఆ బయటివాళ్లెవరు? అనే హక్కు నాది.

ఒక్క చిక్కు ఉంది. సాయంత్రం కాలేజీని ఆ ఏటితో మూసేస్తున్నారు. వదినదే ఆఖరి బ్యాచ్. అక్కడ నాలుగు నెలల్లో తీసుకున్న ప్రతి సబ్జెక్టూ పాసైతేనే డిగ్రీ చేతికొస్తుంది. ఒక్కటి పోయినా మళ్లీ రాసుకోవడానికి కాలేజీయే ఉండదు. ఇరవై రెండేళ్ల కిందట సగంలో వదిలేసిన చదువు మళ్లీ సగంలోనే ఆగిపోతుంది, ఈసారి శాశ్వతంగా. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

వెళ్లిన మొదటి వారం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. నేను కొట్లో సాయంత్రం టీ తాగే వేళకి అక్కడ ఆమెకి మధ్యాహ్నపు విరామం. ఊపిరి తీసుకోకుండా మాట్లాడేది. గది మూడో అంతస్తులో ఉందిట, కిటికీలోంచి ట్రాములు కనిపిస్తాయిట. గదిలో తోడు ఒక ఇరవయ్యేళ్ల అమ్మాయి, గుమ్మంలో తల వంచుకుని రావలసినంత పొడుగుట. ఆ పిల్లకి మేం పొడుగుపిల్ల అని పేరు పెట్టుకున్నాం. లైబ్రరీలో ఒకేసారి ముప్ఫై పుస్తకాలు ఇస్తారని తెలిసి వదిన ముప్ఫై తీసేసుకుంది. బయటికొచ్చాక మోయలేక మెట్ల మీద కూర్చుండిపోతే పొడుగుపిల్ల వచ్చి తెచ్చిపెట్టిందట. ఇవన్నీ వింటూ నేను జిప్పులు కుట్టేదాన్ని. కొట్టుకొచ్చిన వాళ్లు కూడా వినేవాళ్లు. కొందరు పని లేకపోయినా ఆ వేళకి వచ్చి కూర్చునేవాళ్లు.

అన్నిట్లోకీ ఆమెకి ప్రాణమైన క్లాసు ఒకటుంది. పాతకాలపు బట్టల్ని చూసి మనుషుల గురించి తెలుసుకునే క్లాసు. చెప్పే మేడం ఒక కళ్లజోడు కళ్లకీ, ఇంకోటి నెత్తి మీదా పెట్టుకుని, మూడోదాని కోసం వెతుకుతూ ఉంటుందట. ఆమెకి కళ్లజోళ్లమ్మ అని పేరు. క్లాసు సగం రోజులు మ్యూజియంలోనే. రెండో వారంలో ఒక పెద్ద రాణిగారి బొమ్మ ముందు నిలబెట్టి ఏం కనిపిస్తోందో చెప్పమంది. కుర్రకారంతా రంగుల గురించీ వెలుగు గురించీ చెప్పారు. వదిన వంతు వచ్చింది. ఈ గౌను చంక దగ్గర కోత ఇలా ఉంటే చెయ్యి అంత పైకి లేవదు, లేపితే పర్రున పిగిలిపోతుంది, రాణిగారు అలా నిలబడి ఉండదు అని చెప్పింది. అందరూ నవ్వారు. కళ్లజోళ్లమ్మ నవ్వలేదట. మర్నాడు ఒక పుస్తకం పట్టుకొచ్చింది. రాణులకి గంటలు గంటలు నిలబడే తీరిక లేక, గౌనుని కొయ్యబొమ్మకి తొడిగి బొమ్మ గీసేవాళ్లని అందులో ఉందిట. ఆ రోజు నుంచి క్లాసులో ఏ బొమ్మ ముందు ఆగినా అందరూ ముందు మా వదిన మొహం చూడడం మొదలెట్టారు. ఇది చెప్పిన రోజు ఆమె గొంతు వింటే పంతొమ్మిదేళ్ల పిల్ల గొంతులా ఉంది. ఎక్కువ ఎగరకు అన్నాను. అన్నాను గానీ ఆ రోజంతా నా కాళ్లూ నేల మీద లేవు.

ఏడో వారంలో జరగాల్సింది జరిగింది.

ఆ రోజు మ్యూజియం వాళ్లు క్లాసు కోసం ఒక చిన్న కోటుని అద్దాల పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టారు. మూడు వందల ఏళ్ల నాటిది. నీలం పట్టు, ముందు అంచుల మీద మెరిసే పట్టీ. పక్కన అట్టముక్క మీద ఇలా రాసి ఉంది: నాలుగేళ్ల రాజకుమారుడి కోటు, ఒకే ఒక్క వేడుకలో ధరించినది. అక్కడ ఒక నియమం ఉంది. బల్ల చుట్టూ నిలబడేవాళ్లు ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకునే చూడాలి. ఆ బట్టల్ని చూసుకునే ఆఫీసరు, నడుముకి తాళాలగుత్తి వేలాడే పెద్దాయన, ప్రతిసారీ అది చెప్పాకే పెట్టె తెరుస్తాడు. వదిన ఏడు వారాలు బుద్ధిగా చేతులు కట్టుకుంది.

ఆ రోజు మాత్రం వంగి చూస్తే కోటు కింది అంచు మామూలు కంటే మందంగా కనిపించిందట. లోపల చాలా గుడ్డ మడిచి ఉన్నట్టుంది. ఒక్కరోజు వేసుకునే కోటుకి అంత గుడ్డ ఎవరు వదులుతారు అనుకుంటోందిట. అనుకుంటూ ఉండగానే చేతులు వెళ్లిపోయాయి. ముందు భాగం పట్టుకుని, కింది అంచు పైకెత్తి, తిరగేసేసింది. మా కొట్లో రోజుకి ముప్ఫైసార్లు చేసే పని. అప్పుడు తాళాలాయన కేకేశాడు. వదిన వదిలేసింది. మొత్తం మీద రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు. కోటుకి ఏమీ కాలేదట. అదే క్లాసులో ఉన్న పొడుగుపిల్ల ఒక్కతే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

సాయంత్రానికి కాగితం వచ్చింది. మ్యూజియంలోకి ఇక అడుగు పెట్టకూడదని. ఆ క్లాసు ఆఖరి పరీక్ష మ్యూజియంలోనే, ఎవరు ఎంచుకున్న వస్తువు ముందు వాళ్లు నిలబడి దాని గురించి చెప్పాలి. లోపలికే రానివ్వకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే మార్కులు లేవు. మార్కులు లేకపోతే డిగ్రీ లేదు. కళ్లజోళ్లమ్మ ఎవరెవరి దగ్గరికో తిరిగి, పది రోజుల తర్వాత ఒక కమిటీ కూర్చునేలా చేసింది. అక్కడ వదిన తన మాట తను చెప్పుకోవచ్చు.

ఫోన్లో ఆమె ఏడుస్తోంది. మా అన్నయ్య పక్కనే ఉన్నాడు. ఆయనకి వదిన ఏడిస్తే కాళ్లూ చేతులూ ఆడవు. వచ్చెయ్యి, వాళ్లతో మనకెందుకు, చదివింది చాలు అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ లాక్కున్నాను.

"వదినా, నువ్వు ఇప్పుడు తిరిగొస్తే కొట్టు తాళాలు నీకివ్వను. చెబుతున్నా. తప్పు చేశావు, చేశానని ఒప్పుకో. ఆ తర్వాత సంగతి చెప్పు. తిరగేశావు కదా, లోపల ఏముంది?"

అటువైపు ఏడుపు ఆగింది. తర్వాత మెల్లగా చెప్పడం మొదలెట్టింది. కింది మడతలో గుడ్డ మీద మూడు పాత గీతలున్నాయి, ఒక్కోదానికీ మధ్య అంగుళం దూరం, గీత పొడవునా సూది కన్నాలు. పక్క కుట్లలో రెండు రకాల దారాలున్నాయి. ముందు అంచు లోపల, ఎడమవైపు, కుట్టేసి మూసిన చీలికల్లాంటివి ఉన్నాయి, చిరుగులకి మాట్లు వేశారేమో తెలీదు. రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపట్లో ఇన్ని చూసింది. ఇది మెచ్చుకోలు కాదు, అమ్మ స్కేలు దెబ్బల ఫలితం.

మూడు గీతలంటే పిల్లాడు ఎదిగినప్పుడల్లా మడత విప్పి మూడుసార్లు పొడవు వదిలారన్నమాట, ఒక్కరోజు కోటేమిటి, ఏళ్ల తరబడి వేసుకున్నదది అన్నాను. ఆమె కూడా అదే అంది. మర్నాటికి ఆమెకి ఒక ఆలోచన తట్టింది. తను చూసింది మాటల్లో చెబితే ఆ భాషలో సగం తడబాటే అవుతుంది. అదే కుట్టి చూపిస్తే? కోటు కొలతలన్నీ మ్యూజియం పుస్తకంలో అచ్చువేసి ఉన్నాయి. తెల్ల నూలుగుడ్డ కొనుక్కొచ్చి, అచ్చం అదే కోటు, లోపల తను చూసినవన్నీ ఉండేలా, చేత్తో కుట్టడం మొదలెట్టింది. కిటికీ పక్క బల్ల మీద పని. క్లాసులు అయ్యాక పొడుగుపిల్ల టేపు పట్టుకునేది, సూదిలో దారం ఎక్కించేది. ఆ పిల్లకి దారం ఎక్కించడం రాక మొదటి రోజంతా అదే నేర్చుకుందిట.

ఆరో రోజున ఫోన్ చేసింది. ఆ వేళ మా కొట్టు కిటకిటలాడుతోంది. బడులు తెరిచే వారం. యూనిఫారాల గుట్ట మధ్యలో నేను.

కోటు కుదరడం లేదంది వదిన. తను చూసినట్టు మూడు అంగుళాలూ వదిలి కుడితే, పుస్తకంలో ఉన్న పొడవుకంటే మూడు అంగుళాలు ఎక్కువొస్తోందిట. ఏడేళ్ల పిల్లాడి కోటవుతోంది. పుస్తకంలో ఉన్నది నాలుగేళ్ల వాడి పొడవు. మూడుసార్లు విప్పి కుట్టిందిట, మూడుసార్లూ అంతే. అంటే తను చూసింది తప్పన్నమాట. కంగారులో లేనివి ఉన్నట్టు అనిపించాయన్నమాట. కమిటీ ముందు ఏ మొహం పెట్టుకుని చెప్పను అంది.

అప్పుడు నా ఎదురుగా ఒకావిడ నిలబడి ఉంది. పెద్దకూతురి గౌను చిన్నకూతురికి సరిచేయమని చెబుతోంది. నేను ఒక చెవి ఆవిడకీ ఒక చెవి వదినకీ ఇచ్చి, విసుగొచ్చి అరిచాను. ఈ మాట మొదట అన్నది నేనే. తర్వాత ఎవరెవరు ఏ పుస్తకంలో ఏం రాసుకున్నా సరే, మొదట అన్నది నేనే.

"అబ్బా, నీకు తలకాయ పనిచేస్తోందా వదినా? మొదట వదిలారు, తర్వాత మళ్లీ కురచ చేశారు. పెద్దవాడిది చిన్నవాడికి సరిచేసుంటారు. మనం రోజూ చేసే పనేగా!"

అప్పుడు వదిన "కాజాలు" అంది. అంతే, పెట్టేసింది. బొత్తాలు దూర్చే చీలికల్ని మా పనిలో కాజాలంటాం. కాజాలకేమొచ్చిందో చెప్పకుండా పెట్టేస్తే నాకెలా ఉంటుంది? తిరిగి చేస్తే ఎత్తలేదు. నాలుగు రోజులు ఎత్తలేదు. తిట్టుకుంటూ ఆ వారమంతా యూనిఫారాలకి బొత్తాలు కుట్టాను.

కమిటీ రోజున ఏం జరిగిందో ఆమె నాకు తర్వాత మూడుసార్లు చెప్పింది, పొడుగుపిల్ల తీసిన ఫోటోలు కూడా చూశాను కాబట్టి నేనక్కడ ఉన్నట్టే చెబుతాను. పొడవాటి గది. బల్లకి ఆ పక్క ముగ్గురు పెద్దలు, చివర్న తాళాలాయన. ఈ పక్క వదిన, కళ్లజోళ్లమ్మ, వెనక గోడవారగా పొడుగుపిల్ల. వదిన ముందు క్షమాపణ చెప్పింది. ముట్టుకోవద్దన్నారు, ముట్టుకున్నాను, తప్పు నాదే, ఎవరూ తోయలేదు అంది. తర్వాత సంచిలోంచి తెల్ల కోటు తీసి, లోపలివైపు పైకి వచ్చేలా తిరగేసి బల్ల మీద పరిచింది. నేను దాన్ని రెండే అంకెలు లెక్కపెట్టేంతసేపు చూశాను, నాకు కనిపించింది ఇది అంది.

ఒక్కో కుట్టూ చూపించింది. పిల్లవాడు ఎదుగుతుంటే మూడుసార్లు పొడవు వదిలారు. తర్వాత మూడు అంగుళాలూ మళ్లీ లోపలికి మడిచేశారు, అందుకే ఆ మూడు గీతలూ ఇప్పుడు మడత లోపల దాక్కున్నాయి, అంచు మందంగా ఉంది. పక్కల్ని వేరే దారంతో బిగించారు. కాబట్టి ఈ కోటు ఇద్దరు పిల్లలు వేసుకున్నారు.

తాళాలాయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఇంటి వంశావళి అంతా ఆయనకి కంఠతా వచ్చు. ఆ రాజుకి ఒక్కడే కొడుకు, అది లెక్కల్లో స్పష్టంగా రాసి ఉంది, తమ్ముడే లేనప్పుడు రెండో పిల్లవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు అన్నాడు. కమిటీ పెద్దలు ముగ్గురూ కాగితాలు సర్దుకోవడం మొదలెట్టారు.

వదిన అప్పుడు కోటు ముందు అంచు తిప్పింది. ఎడమ అంచు మీద తను కుట్టి మూసిన నాలుగు కాజాలు చూపించింది. పైకి అందరికీ కనిపించే కుడి అంచు మీద కొత్తగా తెరిచిన కాజాలు చూపించింది. మా కొట్లో మగపిల్లల బట్టలకి కాజాలు ఎడమ అంచున వేస్తాం, ఆడపిల్లలకి కుడి అంచున వేస్తాం అంది. ఆ కాలంలో ఇక్కడా అదే వాడుకని మేడంని అడిగి తెలుసుకున్నాను. పైన మెరిసే పట్టీ అడ్డం ఉంది కాబట్టి మూసిన కాజాలు బయటికి కనిపించవు, లోపల్నుంచే కనిపిస్తాయి. నేను వాటిని చిరుగులకి వేసిన మాట్లనుకున్నాను, కాదు అంది.

"కొడుకు ఒక్కడే కావచ్చు సార్. కూతుళ్ల గురించి మీ పుస్తకంలో ఏముంది?"

"ఏమీ లేదు. రాయలేదు," అన్నాడాయన.

"లేరని రాశారా, అసలు రాయలేదా?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. కోపమొచ్చి వెళ్లిపోతున్నాడనుకుందిట వదిన. ఆయన పావుగంటలో తిరిగొచ్చాడు. రెండు చేతుల మీద పెట్టె, చేతులకి తెల్ల తొడుగులు. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిపించి, దీపం దగ్గరికి జరిపించి, అసలు కోటుని, ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ కోటుని, తనే మెల్లగా తిరగేశాడు. నీలంది ఒకటి, తెల్లది ఒకటి, పక్కపక్కనే. అందరూ లేచి వంగారు. కింది మడతలో మూడు గీతలు. పక్కల రెండు దారాలు. ఆయన ఎడమ అంచు మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

"ఐదున్నాయి. మీరు నాలుగే కుట్టారు," అన్నాడు. అని వదిన వైపు చూసి మొదటిసారి నవ్వాడట.

ఆ తర్వాత ఆమెని బయట వరండాలో కూర్చోమన్నారు. నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. లోపల కళ్లజోళ్లమ్మ గొంతు పెద్దగా వినిపిస్తోందిట. ఇంతకంటే ఆఖరి పరీక్ష ఏముంటుంది, దీనికే మార్కులు వేస్తాను అని ఆమె పట్టుబట్టింది.

ఇక్కడ నేను పొద్దున్నించి మిషన్ ఎక్కలేదు. అన్నయ్య డిపోకి సెలవు పెట్టి కొట్లో కూర్చున్నాడు. ఆయన గడియారం చూడకపోవడం నేను అదే చూడడం. కొట్టు నిండా మనుషులు, ఎవరి బట్టలూ ఎవరూ అడగడం లేదు. ఫోన్ మోగింది. స్పీకరు పెట్టాను.

"ముందు చెప్పు, పాసా ఫెయిలా?" అన్నాను.

"పాస్," అంది వదిన.

అన్నయ్య అక్కడే కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కొట్లో అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలెట్టారు. ఇరవై రెండేళ్ల కిందట ఆగిపోయిన డిగ్రీ ఈసారి ఆగలేదు. నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు. ఏడుస్తూనే తెలిసింది, ఫోన్లో వదిన ఇంకా ఏదో చెబుతూనే ఉందని. మేమెవరం వినడం లేదు. ఆమె ఊపిరాడకుండా మాట్లాడుతోంది.

"అది కాదే, వినవే. పిల్ల ఉందే! నిజంగానే ఉంది. మూడు వందల ఏళ్లు ఎవరికీ తెలీదు. పేరు ఎక్కడా లేదు, వెతుకుతామన్నారు."

గౌను సరిచేయించుకోవడానికి వచ్చిన తల్లి ఒకావిడ ఫోన్ దగ్గరికి జరిగి అడిగింది, ఆ కోటు ఆ పిల్లకి సరిపోయిందా అని. నాకు నవ్వొచ్చింది, సరిచేసిన బట్ట గురించి మా కొట్లో ఎవరైనా మొదట అడిగేది అదే. అదే ప్రశ్న వదినకి చెప్పాను.

"సరిపోవడమేంటి," అంది వదిన. "చేతుల లోపలి గుడ్డ చూశాం. మోచేతులొచ్చే చోట పోగులు పోగులుగా అరిగిపోయింది. అదీ, చేతులు కురచ చేశాక మోచెయ్యి వచ్చే చోట. అన్న ఎన్నిసార్లు వేసుకున్నాడో గానీ ఆ పిల్ల దాన్ని వదల్లేదు. అంత పెద్ద ఇంట్లో దాని పేరు రాయడానికి ఎవరికీ తీరిక లేదు. కానీ ఎవరో ఒకరు కూర్చుని ఐదు కాజాలూ మూసి, ఐదు కొత్తవి తెరిచి, దానికి సరిగ్గా పట్టేలా కుట్టారు."